సంతకాల తర్వాత మొదలయ్యే పని: విద్యార్థి ప్రాజెక్టులతో యూనివర్సిటీకీ కంపెనీకీ పొత్తు ఎలా కుదురుతుంది?

ఎంవోయూ మీద సంతకాలవుతాయి, ఫొటోలు దిగుతారు, రెండు వైపులా సంతోషమే. ఆరు నెలల తర్వాత ఆ ఫైలు గురించి అడిగితే ఎవరి దగ్గరుందో వెతుక్కోవాలి. యూనివర్సిటీలూ కంపెనీలూ చేసుకునే ఒప్పందాల్లో చాలావాటి కథ ఇలాగే ఆగిపోతుంది. "కలిసి పనిచేద్దాం" అని అందులో రాసుకుంటారు గానీ ఎవరు చేస్తారు, ఏ పని చేస్తారు, ఎప్పటిలోగా చేస్తారు అన్నది రాసుకోరు. ఈ మూడూ తేలక తప్పని చోటు విద్యార్థి ప్రాజెక్టు. దానికి గడువు ఉంటుంది, మార్కులుంటాయి, పేరు పెట్టి పిలవగలిగే మనుషులుంటారు. పెద్ద పెద్ద పరిశోధన కేంద్రాల కంటే ముందు ప్రాజెక్టుల మీద శ్రద్ధ పెట్టాలని నేను అనడానికి కారణం ఇదే.

కానీ ఇది తరచుగా చెడిపోయే చోటు కూడా. "పిల్లలతో పని చేయించడం కంటే మేమే చేసుకోవడం తేలిక" అని కంపెనీ వాళ్లు అంటారు. "వాళ్లు ఫోనెత్తరు, మెయిల్‌కి జవాబివ్వరు" అని గైడ్, అంటే ప్రాజెక్టు చేయించే అధ్యాపకుడు, అంటారు. మధ్యలో విద్యార్థులు చివరి నెలలో టెన్షన్ పడుతూ ఏదో ఒకటి పూర్తిచేసి, రిపోర్టు బైండ్ చేయించి వైవా గట్టెక్కుతారు. ముగ్గురు చెప్పేదాంట్లోనూ నిజం ఉంది. ఎవరూ కావాలని చెడగొట్టలేదు. చాలా సందర్భాల్లో తప్పు ప్రాజెక్టు మొదలవక ముందే, అంటే ఏ సమస్య ఇవ్వాలో తేల్చిన రోజునే జరిగిపోయి ఉంటుంది.

నూరేళ్లు దాటిన ప్రయత్నం

చదువునీ పరిశ్రమనీ కలపాలన్న ఆలోచన కొత్తదేం కాదు. అమెరికాలోని సిన్సినాటి యూనివర్సిటీలో హెర్మన్ ష్నైడర్ 1906లో 27 మంది ఇంజినీరింగ్ విద్యార్థులతో కో-ఆప్ పద్ధతి మొదలుపెట్టారు. కొన్నాళ్లు తరగతి, కొన్నాళ్లు ఫ్యాక్టరీ, ఇలా మార్చి మార్చి చదివించడం ఆ పద్ధతి. కెనడాలో వాటర్లూ యూనివర్సిటీ 1957లో పుట్టడమే ఈ పద్ధతితో పుట్టింది. పిలానీలోని బిట్స్ 1970ల్లో ప్రాక్టీస్ స్కూల్‌ను తెచ్చింది. అక్కడ విద్యార్థులతో పాటు అధ్యాపకుడు కూడా కంపెనీ పనిలో భాగమవుతాడు. ఈ చివరి సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్లీ దాని దగ్గరికి వస్తాను.

ఇవన్నీ విద్యార్థిని కంపెనీకి పంపే పద్ధతులు. సమస్యనే కాలేజీకి రప్పించే పద్ధతి వేరు. దానికి ఎక్కువగా చెప్పుకునే ఉదాహరణ కాలిఫోర్నియాలోని హార్వీ మడ్ కాలేజీ 1963లో ప్రారంభించిన క్లినిక్. వైద్య విద్యార్థి రోగులను చూస్తూ వైద్యం నేర్చుకుంటాడు కదా, ఇంజినీరింగ్ విద్యార్థి కూడా నిజమైన సమస్యను చూస్తూ నేర్చుకోవాలన్నది ఆ పేరు వెనక ఆలోచన. నలుగురైదుగురు విద్యార్థులున్న జట్టు విద్యా సంవత్సరం పొడవునా ఒకే కంపెనీ సమస్య మీద పనిచేస్తుంది. విద్యార్థుల్లోనే ఒకరు ప్రాజెక్టు మేనేజర్‌గా ఉంటారు. కంపెనీ తరఫున మాట్లాడడానికి ఒక మనిషిని పేరుతో సహా కేటాయిస్తారు. కంపెనీ ఫీజు కూడా కడుతుంది. డెన్మార్క్‌లో 1974లో మొదలైన ఆల్‌బోర్గ్ యూనివర్సిటీ ఇంకో మెట్టు ముందుకెళ్లింది. అక్కడ ప్రాజెక్టు కోసం చివరి సంవత్సరం దాకా ఆగరు. ప్రతి సెమిస్టర్‌లోనూ దాదాపు సగం సమయం జట్టుగా చేసే ప్రాజెక్టుకే పోతుంది.

ఇంటర్న్‌షిప్‌నీ ప్రాజెక్టునీ ఒకటే అనుకునేవాళ్లు చాలామంది. ఇంటర్న్‌షిప్‌లో విద్యార్థి కంపెనీ పద్ధతిలోకి వెళ్లి అందులో ఇమిడిపోతాడు, అతని పనికి బాధ్యత కంపెనీది. ప్రాజెక్టులో విద్యార్థులు తమ చోటే ఉండి, తమ గైడ్ దగ్గర, తమ పద్ధతిలో కంపెనీ సమస్యను చూస్తారు. యూనివర్సిటీకి సొంతంగా చెప్పే మాట ఉండేది ఈ రెండో దాంట్లోనే. ఇక్కడి నుంచి నేను మాట్లాడేది దాని గురించే.

ఏ సమస్య ఇవ్వాలి?

నీటి పంపులు తయారుచేసే ఒక కంపెనీని ఊహించుకుందాం. వారంటీ గడువు తీరకముందే వెనక్కి వచ్చే పంపులు పెరుగుతున్నాయి. "పంపు ఎప్పుడు పాడవుతుందో ముందే చెప్పే ఏఐ వ్యవస్థ కావాలి" అని మేనేజర్ యూనివర్సిటీకి రాశాడు. వినడానికి బాగుంది. విద్యార్థులు ఎగబడతారు, గైడ్‌కీ నచ్చుతుంది, నోటీసు బోర్డు మీద గొప్పగా కనిపిస్తుంది.

ఇప్పుడు ఏమవుతుందో చూద్దాం. పంపు ఎప్పుడు పాడవుతుందో చెప్పాలంటే అది నడుస్తున్నప్పటి వైబ్రేషన్, వేడి, కరెంటు లెక్కలు ఉండాలి. అమ్మేసిన పంపుల్లో సెన్సర్లే లేవు. ఉన్నదల్లా సర్వీసు సెంటర్లలో "మోటారు కాలింది", "నీళ్లు కారుతున్నాయి" అని రాసుకున్న చీటీలు. అవి కూడా తలా ఒక రకంగా ఉన్నాయి. డేటా కోసం అడిగి అడిగి విద్యార్థులు రెండు నెలలు గడుపుతారు. తర్వాత గత్యంతరం లేక ఇంటర్నెట్‌లో దొరికే ఎవరిదో బేరింగ్ డేటా తీసుకుని దాని మీద మోడల్ కట్టి చూపిస్తారు. వైవాలో మార్కులు పడతాయి. కంపెనీ మేనేజర్ మర్యాదగా చప్పట్లు కొట్టి వెళ్లిపోతాడు. వచ్చే ఏడాది మళ్లీ రాడు.

అదే కంపెనీ ఇలా అడిగి ఉంటే? "గత రెండేళ్లలో వెనక్కి వచ్చిన పంపుల సర్వీసు చీటీలు ఇస్తాం. ఏ మోడల్, ఎప్పుడు తయారైంది, ఏ భాగం పోయింది అన్నవి ఒకే పట్టికలోకి తెచ్చి, ఎక్కువగా కనిపించే కారణాలు తేల్చండి. వాటిలో ఒకదాన్ని మా టెస్ట్ బెంచ్ మీద ప్రయోగం చేసి నిర్ధారించండి." ఇందులో ఏఐ అన్న మాటే లేదు. అందుకని చిన్నదిగా కనిపిస్తుంది. కానీ దీనిలోకి దిగిన విద్యార్థికి ఎంత దొరుకుతుందో చూడండి. తలా ఒక రకంగా రాసిన చీటీలను ఒక వర్గీకరణలోకి తేవడమే ఒక చదువు. వెనక్కి వచ్చిన వాటినే చూసి తీర్పు చెప్పకూడదనీ, మొత్తం ఎన్ని అమ్ముడయ్యాయో తెలిస్తే తప్ప ఏ మోడల్ చెడ్డదో చెప్పలేమనీ అక్కడే అర్థమవుతుంది. నీళ్లు లేకుండా పంపు నడిస్తే మెకానికల్ సీల్ (తిరిగే షాఫ్ట్ పక్కనుంచి నీళ్లు కారకుండా ఆపే భాగం) ఎందుకు మాడిపోతుందో పుస్తకంలో చదివి ఉంటారు. సీల్ ముఖాల మధ్య పలచటి పొరలా ఉంటూ రాపిడిని తగ్గించేది ఆ నీరే కాబట్టి, అది లేకపోతే వేడి పెరిగిపోతుంది. కాలిన సీల్‌ను చేతిలోకి తీసుకున్నాక ఆ వాక్యం మర్చిపోవడం కష్టం. కంపెనీకేమో రేపే వాడుకోగల జవాబు చేతికొస్తుంది.

సమస్య ఎంత పెద్దదిగా ఉండాలి అన్నదానికి నేను నమ్మే కొలత ఒకటుంది. తీరితే కంపెనీకి నిజంగా మేలు జరగాలి, ఆలస్యమైతే మాత్రం ఏ ఆర్డరూ ఆగిపోకూడదు. ఆర్డర్ ఆగిపోయేంత అత్యవసరమైన పనిని విద్యార్థులకిస్తే, మధ్యలో పరీక్షలు రాగానే కంపెనీ ఇంజినీరే దాన్ని లాక్కుని పూర్తి చేసేస్తాడు, అందులో అతని తప్పేమీ లేదు. ఎవరికీ అక్కర్లేని పనిని ఇస్తే మెయిల్‌కి జవాబిచ్చే నాథుడు ఉండడు. ఈ రెండింటి మధ్య ఉన్న పనులను పట్టుకోవడానికి కంపెనీని అడగాల్సిన ప్రశ్న ఇది: "చేయాలి చేయాలి అనుకుంటూ ఎన్నాళ్లుగానో వాయిదా వేస్తున్న పని ఏముంది?" ప్రతి కంపెనీలోనూ అలాంటి జాబితా ఉంటుంది. అది సాధారణంగా మేనేజర్ దగ్గర ఉండదు, షాప్ ఫ్లోర్‌లోనో సపోర్ట్ టీమ్‌లోనో పనిచేసేవాళ్ల మనసులో ఉంటుంది. కాబట్టి అడగాల్సింది వాళ్లని.

ఇంకో జాగ్రత్త. డేటా ఇస్తామన్న మాట తీసుకుని ప్రాజెక్టు ఒప్పుకోకండి. ఒప్పుకునే ముందే నమూనాగా ఒక యాభై వరుసలో, ఒక డ్రాయింగో, ఒక పాడైన భాగమో తెప్పించుకుని చూడండి. అది పంపడానికే కంపెనీకి నెల పడితే, మిగతాది సెమిస్టర్‌లోపు రాదని అప్పుడే తెలిసిపోతుంది.

గంటల లెక్క

ఈ లెక్క ఎవరూ వేసుకోరు, అందుకే ఆశలు తారుమారవుతాయి. సెమిస్టర్ 16 వారాలు అనుకుందాం. జట్లు కట్టి సమస్యలు పంచుకోవడానికి రెండు వారాలు. ఎన్‌డీఏ (కంపెనీ విషయాలు బయటపెట్టబోమన్న గోప్యత ఒప్పందం) మీద సంతకాలకీ, డేటా అందడానికీ ఇంకో మూడు. మధ్యలో పరీక్షలు ఒక వారం. చివర్లో రిపోర్టు, వైవా రెండు వారాలు. నికరంగా పనికి మిగిలేది 8 వారాలు. నలుగురు విద్యార్థులు, మిగతా సబ్జెక్టులు చదువుకుంటూనే, ఒక్కొక్కరు వారానికి 10 గంటలు పెట్టారనుకుంటే మొత్తం 320 గంటలు. వారానికి 40 గంటలు పనిచేసే ఒక ఉద్యోగి 8 వారాల శ్రమతో ఇది సమానం. అదీ ఆ పనికి కొత్తగా వచ్చిన ఉద్యోగి శ్రమతో.

కంపెనీ ఈ అంకెను కళ్లముందు పెట్టుకుని సమస్య ఇవ్వాలి. కొత్తగా చేరిన ఒక ఇంజినీర్ రెండు నెలల్లో ఏం చేయగలడు? అంతవరకే అడగాలి. ఆ మూడు వారాల ఆలస్యాన్ని తీసేస్తే పని చేసే రోజులు 8 వారాల నుంచి 11 వారాలకు పెరుగుతాయి. సంతకాలూ అనుమతులూ సెలవుల్లోనే ముగించుకోవడం కంటే తేలికైన సంస్కరణ నాకు ఇంకొకటి కనిపించదు. దానికి డబ్బు అక్కర్లేదు, కొత్త నిబంధనలు అక్కర్లేదు.

మధ్యలో నిలబడే మనిషి

సంస్థలు సంస్థలతో మాట్లాడుకోలేవు, మనుషులే మాట్లాడుకోవాలి. కంపెనీ వైపు మెంటార్‌గా ఎవరుండాలి? చాలా చోట్ల హెచ్‌ఆర్ విభాగానికి అప్పగిస్తారు. వాళ్లు మర్యాదగా మాట్లాడతారు గానీ టెస్ట్ బెంచ్ ఎప్పుడు ఖాళీగా ఉంటుందో చెప్పలేరు. మరీ పెద్ద హోదాలో ఉన్నవాళ్లను పెడితే ప్రారంభోత్సవానికీ ముగింపుకీ తప్ప కనిపించరు. కావాల్సింది ఆ సమస్యతో రోజూ తలపడే మనిషి. వారానికి ఒక గంట చాలు. కానీ ఆ గంట అతని పనివేళల్లో లెక్కలోకి రావాలి, పై అధికారికి ఆ సంగతి తెలిసుండాలి. లేకపోతే పని ఒత్తిడి పెరిగిన మొదటి వారమే ఆ గంట ఎగిరిపోతుంది. ఇద్దరు మెంటార్లు ఉంటే ఇంకా మంచిది. ఒకరు ఉద్యోగం మారినా ప్రాజెక్టు అనాథ కాదు.

యూనివర్సిటీ వైపు గైడ్ పని ఇంకా కష్టమైంది. ఆయన రెండు భాషలు మాట్లాడాలి. కంపెనీ "రిజెక్షన్ తగ్గాలి" అంటుంది. దాన్ని విద్యార్థి చదివిన గణాంకాల్లోకి, మెటీరియల్ సైన్స్‌లోకి మార్చి చెప్పాలి. విద్యార్థి తేల్చినదాన్ని మళ్లీ మేనేజర్‌కి అర్థమయ్యే మాటల్లో పెట్టించాలి. ఒక్కసారి కూడా కంపెనీ గడప తొక్కని గైడ్ ఇది చేయలేరు. అధ్యాపకుడే కంపెనీ పనిలో భాగమయ్యే పద్ధతి గురించి పైన చెప్పింది ఇందుకే. అక్కడ నేర్చుకునేది విద్యార్థి ఒక్కడే కాదు. పరిశ్రమలో ఏం మారిందో చూసొచ్చిన అధ్యాపకుడు తర్వాత చెప్పే ప్రతి పాఠంలోనూ అది కనిపిస్తుంది. ఆ ప్రయోజనం ఆ జట్టు నలుగురికే పరిమితం కాదు, తర్వాత వచ్చే బ్యాచ్‌లన్నిటికీ అందుతుంది.

అయితే ఇందులో ఒక అన్యాయం ఉంది, అది చెప్పకుండా ఉండలేను. అధ్యాపకుల పదోన్నతి ఎక్కువ చోట్ల పరిశోధన పత్రాల లెక్క మీద ఆధారపడుతుంది. మూడు నెలలు ఒక కంపెనీతో తలపడి నాలుగు మంచి ప్రాజెక్టులు చేయించిన అధ్యాపకుడికి ఆ లెక్కలో చోటే ఉండదు. బోధన గంటలు కూడా తగ్గించరు. పరిశ్రమతో కలిసి పనిచేయండని వేదికల మీద పిలుపునిచ్చే యాజమాన్యాలు ముందు ఈ లెక్కను సరిచేయాలి. ప్రాజెక్టులకు గైడ్‌గా ఉన్న సమయాన్ని బోధన గంటలుగా పరిగణించడంతోనైనా మొదలుపెట్టవచ్చు.

ఎవరిది ఈ పని? హక్కుల చిక్కు

చర్చలు ఎక్కువగా ఆగిపోయే చోటు ఇదే. మేధో సంపత్తి హక్కులు అన్న మాట రాగానే రెండు వైపులా లాయర్లు దిగుతారు, సెమిస్టర్ గడిచిపోతుంది.

ముందు ఒక విషయం తేటపరుచుకోవాలి. అధ్యాపకుల పరిశోధనకు వర్తించే నియమాలు విద్యార్థులకు అలాగే వర్తించవు. అమెరికాలో 1980 నాటి బే-డోల్ చట్టం కేంద్ర ప్రభుత్వ నిధులతో జరిగిన పరిశోధనలో పుట్టిన ఆవిష్కరణల మీద హక్కును యూనివర్సిటీలు ఉంచుకోవడానికి దారి తెరిచింది. జర్మనీలో 2002 దాకా ప్రొఫెసర్ల ఆవిష్కరణలు ప్రొఫెసర్లవే, ఆ తర్వాత యూనివర్సిటీకి హక్కు వచ్చింది. స్వీడన్‌లో ఇప్పటికీ అధ్యాపకులవే. ఈ తేడాలన్నీ ఉద్యోగులకు సంబంధించినవి. విద్యార్థి యూనివర్సిటీ ఉద్యోగి కాదు, ఫీజు కట్టి చదువుకునే మనిషి. అందుకే చాలా చోట్ల, వేరే ఒప్పందం లేకపోతే, విద్యార్థి సొంతంగా చేసిన పని విద్యార్థిదే అవుతుంది. అంటే యూనివర్సిటీ తనది కానిదాన్ని కంపెనీకి రాసివ్వలేదు. విద్యార్థి స్వయంగా సంతకం పెట్టాలి. పెట్టే ముందు అందులో ఏముందో అతనికి అర్థమయ్యేలా ఎవరో ఒకరు చెప్పాలి. సంతకం పెట్టడం ఇష్టం లేని విద్యార్థికి మార్కులు పోకుండా వేరే ప్రాజెక్టు దొరకాలి. అది లేకుండా తీసుకున్న సంతకాన్ని సమ్మతి అనలేం.

దీన్ని పరిష్కరించడానికి అనేక దారులున్నాయి. హార్వీ మడ్ క్లినిక్‌లో హక్కులు స్పాన్సర్ కంపెనీకే వెళ్తాయి, ఆ సంగతి మొదటిరోజే అందరికీ తెలుసు. బ్రిటన్‌లో రిచర్డ్ లాంబర్ట్ 2003లో ఇచ్చిన సమీక్ష తర్వాత నమూనా ఒప్పందాలను తయారుచేసి 2005 నుంచి అందుబాటులో ఉంచారు. అవి తప్పనిసరి కావు. హక్కు ఎవరికి, వాడుకునే వీలు ఎవరికి అన్నదాన్ని బట్టి రకరకాల నమూనాలుంటాయి, సరిపోయినదాన్ని తీసుకుని మొదలుపెట్టొచ్చు. ప్రతిసారీ తెల్ల కాగితం మీద నుంచి రాయాల్సిన పని లేదు. ప్రతి యూనివర్సిటీ తనకంటూ రెండు మూడు పేజీల నమూనా ఒకటి సిద్ధంగా పెట్టుకుంటే ఎంత సమయం మిగులుతుందో!

నా అభిప్రాయంలో, ఎక్కువ విద్యార్థి ప్రాజెక్టుల్లో పేటెంట్ తీసుకోవలసినంత విషయమే పుట్టదు. పుట్టని దాని గురించి నెలల తరబడి వాదించుకోవడం కంటే, కంపెనీకి ఫలితాన్ని వాడుకునే హక్కు, విద్యార్థికి తన పనిని చూపించుకునే హక్కు, యూనివర్సిటీకి దాన్ని పాఠంగా చెప్పుకునే హక్కు ఉంటాయని రాసుకుని ముందుకెళ్లడం మంచిది. నిజంగా పేటెంట్‌కి తగినది ఏదైనా కనిపిస్తే అప్పుడు వేరుగా కూర్చోవచ్చు. ఒక్క జాగ్రత్త మాత్రం ముందునుంచీ ఉండాలి. యూరప్ పేటెంట్ విధానంలో దరఖాస్తుకు ముందే విషయం బయటపడితే కొత్తదనం పోయినట్టే. అమెరికాలో ఆవిష్కర్తకు ఒక ఏడాది గడువుంటుంది. అందరికీ తలుపులు తెరిచి జరిపిన ప్రెజెంటేషన్, లైబ్రరీలో పెట్టిన రిపోర్టు కూడా బయటపెట్టడం కిందికే రావచ్చు. కాబట్టి వైవా తేదీకి ముందే ఈ ప్రశ్న అడగాలి. అవసరమైతే రిపోర్టును కొన్నాళ్లు లైబ్రరీకి ఇవ్వకుండా ఆపొచ్చు.

ఎన్‌డీఏల గురించి ఇంకో మాట. కొన్ని ఎన్‌డీఏలు ఎంత గట్టిగా ఉంటాయంటే, ఆరు నెలలు తాను ఏం చేశాడో విద్యార్థి ఉద్యోగం ఇంటర్వ్యూలో చెప్పుకోలేడు. కంపెనీ అంకెలు, డ్రాయింగులు, కస్టమర్ల పేర్లు రహస్యంగా ఉండాల్సిందే. కానీ "పంపు సీల్ ఎందుకు పోతోందో ఈ పద్ధతిలో పరీక్షించాం" అని చెప్పుకునే వీలు ఉండాలి. బయట ఏం చెప్పవచ్చో రెండు వాక్యాల్లో ముందే రాసి, కంపెనీతో ఒప్పించి, విద్యార్థి చేతికివ్వాలి.

మార్కులు ఎవరు వేయాలి, దేనికి వేయాలి

కంపెనీకి కావాల్సింది పనిచేసే జవాబు, గైడ్ చూసేది కొత్తదనం, విద్యార్థికి కావాల్సింది గ్రేడు. ఈ మూడూ ఒకే దిక్కుకి లాగవు. కంపెనీ సంతృప్తి చెందితేనే మార్కులు అంటే, విద్యార్థులు సులువుగా గెలిచే పని ఎంచుకుంటారు. కంపెనీ అభిప్రాయంతో సంబంధమే లేదంటే, మెంటార్ మాటకు విలువ ఉండదు. మెంటార్ రాతపూర్వకంగా అభిప్రాయం ఇవ్వాలి, మార్కులు మాత్రం అధ్యాపకుల చేతిలోనే ఉండాలి. ముఖ్యంగా, ప్రయోగం విఫలమైనా మంచి మార్కులు వచ్చే దారి ఉండాలి. "ఈ సీల్ పదార్థం మారిస్తే తేడా ఏమీ రాలేదు" అని సరైన పద్ధతిలో నిరూపించడం కంపెనీకి డబ్బు మిగిల్చే ఫలితం. ఆ దారి మూసేస్తే విద్యార్థులు ఫలితాలను అందంగా దిద్దడం నేర్చుకుంటారు.

జట్టులో పని ఎవరు ఎంత చేశారన్నది ఎప్పుడూ ఉండే తగువే. డెన్మార్క్‌లో ప్రభుత్వం 2006లో గ్రూపు పరీక్షలను నిషేధించింది, కొన్నేళ్ల తర్వాత మళ్లీ అనుమతించింది. ఆల్‌బోర్గ్ లాంటి చోట్ల జట్టు మొత్తాన్ని కలిపి ప్రశ్నిస్తారు, గ్రేడు మాత్రం ఎవరికి వాళ్లకే ఇస్తారు. ఒకరు రాసిన భాగం గురించి ఇంకొకరిని అడిగితే చాలు, ఎవరు పనిలో ఉన్నారో తెలిసిపోతుంది.

డబ్బు సంగతి క్లుప్తంగా. ఉద్యోగి చేయాల్సిన పనినే విద్యార్థితో చేయిస్తున్నప్పుడు స్టైపెండ్ ఇవ్వాలి, అందులో రెండో మాట లేదు. నేర్చుకోవడానికే ఉద్దేశించిన ప్రాజెక్టయితే కంపెనీ యూనివర్సిటీకి ఫీజు కట్టడం మంచి అలవాటు. కట్టినవాళ్లు పట్టించుకుంటారు. కట్టలేని చిన్న సంస్థలు మెంటార్ సమయాన్నీ, సామగ్రినీ ఇవ్వవచ్చు. ఫీజు లేదని వాళ్లను వదులుకోవద్దు. పరిశోధన విభాగం లేని చిన్న కంపెనీకే ఆ 320 గంటల అవసరం ఎక్కువ.

వైవా అయిపోయాక

చాలా ప్రాజెక్టులు వైవా రోజునే చచ్చిపోతాయి. కోడ్ ఒక విద్యార్థి ల్యాప్‌టాప్‌లో ఉండిపోతుంది, ప్రయోగ సామగ్రి మూలన పడుతుంది, విద్యార్థులు ఊళ్లు దాటి వెళ్లిపోతారు. కంపెనీలో దాన్ని తెరిచి చూసేవాళ్లు ఉండరు. దీనికి మందు చాలా సాదాది. చివరి రెండు వారాల్లో ఒకదాన్ని అప్పగింతకే కేటాయించాలి. విద్యార్థుల సాయం లేకుండా కంపెనీ మనిషి ఒకరు ఆ పట్టికను తెరిచి, ఆ ప్రయోగాన్ని మళ్లీ చేసి చూడాలి. అతనికి ఎక్కడ అర్థం కాలేదో అక్కడ రిపోర్టు తిరగరాయాలి. ఎనభై పేజీల రిపోర్టుతో పాటు నాలుగు పేజీల "ఎలా వాడాలి" పత్రం ఉండాలి. మేనేజర్ చదివేది అదే.

రెండో సంవత్సరం అదే కంపెనీతో, అదే సమస్య తర్వాతి మెట్టుతో మొదలుపెడితే పని తీరే మారిపోతుంది. ఎన్‌డీఏ అప్పటికే ఉంది, డేటా ఎక్కడ ఉందో తెలుసు, మెంటార్‌కీ గైడ్‌కీ ఫోన్‌లో మాట్లాడుకునే చనువుంది. పంపుల కంపెనీ ఉదాహరణలో, మొదటి జట్టు చీటీలను సర్ది కారణాలు తేల్చింది. రెండో జట్టు నీళ్లు లేకుండా నడిస్తే మోటారును ఆపే చిన్న సర్క్యూట్ తయారుచేసి పరీక్షించవచ్చు. మూడో జట్టు వచ్చేసరికి కొన్ని పంపులకు సెన్సర్లు పెట్టి ఉంటారు. మేనేజర్ మొదటిరోజు అడిగిన ఏఐ వ్యవస్థకు కావాల్సిన డేటా అప్పటికి పోగవడం మొదలై ఉంటుంది. మొదటి జట్టులోని ఒక విద్యార్థి ఈలోగా అదే కంపెనీలో చేరి ఉంటే, మూడో జట్టుకు మెంటార్‌గా అతన్నే అడగవచ్చు.